98.3 శాతం, దేనిలో?

మొన్న రాత్రి పదిన్నరకి మా పాత ల్యాబ్ జూనియర్ వాట్సాప్‌లో ఒక ఫోటో పంపింది. ఆ రోజే కొరియర్లో దిగిన పెప్టైడ్ (అమైనో ఆమ్లాల చిన్న గొలుసు) తాలూకు సర్టిఫికెట్ ఆఫ్ ఎనాలిసిస్ అది, మేమంతా సీఓఏ అనే ఒకటిన్నర పేజీ కాగితం. మధ్యలో గ్రాఫ్ మీద తాటిచెట్టులా ఒకే ఒక్క పీక్, దాని పక్కన ప్యూరిటీ 98.3 శాతం. కింద "అక్కా, 98.3!! రేపే మొదలుపెట్టేస్తా" అని రాసింది.

"కంగ్రాట్స్" అని టైప్ చేసి చెరిపేశాను. "ఆగు" అని టైప్ చేసి అదీ చెరిపేశాను. చివరికి ఆ పెప్టైడ్ అణువు బరువు, అంటే మాస్, గురించి ఒక్క ప్రశ్న పంపాను, "మాస్ ఎంత రావాలో నువ్వు లెక్కేశావా?" అని. "సర్టిఫికెట్లోనే ఉంది కదా అక్కా, రావాల్సిందీ వచ్చిందీ రెండూ ఒకటే" అంది. "ఆ కాగితం పక్కన పెట్టు, నువ్వు ఏ పేపర్ చూసి ఈ పెప్టైడ్ తెప్పించావో అది తీసి, అందులోంచి నువ్వే లెక్కెయ్యి" అన్నాను. సరే అక్కా, గుడ్ నైట్ అంది. తను పడుకుంది, నాకు పట్టలేదు. ఏడేళ్ల కిందట అచ్చం ఇలాంటి కాగితాన్నే నేను ల్యాబ్ ఫ్రిజ్ తలుపుకి మ్యాగ్నెట్‌తో అంటించుకుని మురిసిపోయాను, ఆ తర్వాత నాలుగు నెలలు దానికి ఫలితం అనుభవించాను.

ఇప్పుడు నేను గోడకి అవతలి వైపు ఉన్నాను. హైదరాబాద్ దగ్గర ఒక కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ పని, అంటే అలాంటి కాగితాలు తయారు చేసి సంతకం పెట్టే వాళ్లలో నేనూ ఒకదాన్ని. అందుకే ఈ మాట కొంచెం ధైర్యంగా చెప్పగలను: సీఓఏలో ఉన్నది చాలాసార్లు నిజమే, కాకపోతే అది కంపెనీ తనకి తాను వేసుకున్న ప్రశ్నకి జవాబు. "కస్టమర్ ఏది రాసి పంపాడో అది చేశామా, శుభ్రంగా చేశామా" అనేది వాళ్ల ప్రశ్న. "నా ప్రయోగానికి కావలసింది, కావలసినంత, ఈ గొట్టంలో ఉందా" అనేది మన ప్రశ్న. దానికి జవాబు మనమే వెతుక్కోవాలి, ఆ వెతుక్కోవడానికి పట్టే రోజునీ రూపాయలనీ ప్రయోగం ఖర్చులోనే రాసుకోవాలి. నేను చూసిన ల్యాబుల్లో ఎక్కువ చోట్ల ఇది జరగదు. థీసిస్‌లో మెటీరియల్స్ చాప్టర్ తెరిస్తే "ఫలానా కంపెనీ నుంచి 95 శాతం పైగా ప్యూరిటీతో కొన్నాం" అని ఒక వాక్యం ఉంటుంది, అక్కడితో సరి.

పీ, పీఎస్

నా పీహెచ్‌డీ బ్యాక్టీరియాని చంపే పెప్టైడ్ల మీద. 1987లో మైకేల్ జాస్లాఫ్ కప్ప చర్మంలోంచి మగైనిన్లను బయటికి తీసినప్పటి నుంచీ ప్రపంచమంతా ఈ పని చేస్తోంది, హైదరాబాద్‌లో కూడా సీసీఎంబీలో రామకృష్ణన్ నాగరాజ్ గారి బృందం ఏళ్ల తరబడి చేసింది, కాబట్టి కొత్తగా కనిపెట్టడానికి మాకు మిగిలింది తక్కువే అనే బెంగ ఎప్పుడూ ఉండేది. మాది 19 అమైనో ఆమ్లాల పెప్టైడ్. దానికి కంట్రోల్‌గా స్క్రాంబుల్డ్ ఒకటి, అంటే అవే 19 అమైనో ఆమ్లాలు, వరస మాత్రం పేకముక్కలు కలిపినట్టు కలిపేసినది. రెండూ ఒకే కంపెనీ నుంచి తెప్పించాం. నీళ్లలో కలిపి, చిన్న చిన్న ట్యూబుల్లో పంచి, మూతల మీద మార్కర్‌తో 'పీ' అనీ 'పీఎస్' అనీ రాసి మైనస్ ఇరవైలో పెట్టాను.

ఫలితాలు తలకిందులు. అసలు పెప్టైడ్ మిల్లీలీటరుకి 64 మైక్రోగ్రాముల దగ్గర కూడా ఈ.కోలైని ఏమీ చేయలేదు, పనికిరాకూడని స్క్రాంబుల్డ్ ఏమో 8 దగ్గరే చంపేసింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే.

ఇక్కడ మేం చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ చెవులు ఎర్రబడతాయి. గొట్టంలో ఏముందో చూడాలని ఎవరికీ తోచలేదు. సిద్ధాంతం కట్టాం. వరస ముఖ్యం కాదు, విద్యుత్ ఆవేశం ముఖ్యం, పైగా కలిపేసిన వరసలో అనుకోకుండా ఇంకా మంచి హెలిక్స్, అంటే మెలిక, పడింది అని బొమ్మలు గీశాం. ఆ మెలికని కొస నుంచి చూసినట్టు హెలికల్ వీల్ గీస్తే ఏ వరసలో అయినా కళ్లు చికిలించి చూసేవాడికి ఏదో ఒక పద్ధతి కనిపిస్తుంది. గైడ్ గారికి తెగ నచ్చింది. "ఇదే మీ కొత్త లీడ్ మాలిక్యూల్ అమ్మా" అన్నారు. గ్రూప్ మీటింగులో చప్పట్లు కూడా పడ్డాయి.

ఒక అనుమానపు పిల్ల అడిగితే మాల్డీ అనే అణువు బరువు తూచే మిషన్లో మాస్ కూడా చూపించాం. రెండూ సరిగ్గా వచ్చాయి. రావూ మరి! అవే ముక్కలు, వరస ఒక్కటే తేడా, మొత్తం బరువు చచ్చినా మారదు. ఏ గొట్టంలో ఏది ఉన్నా ఆ పరీక్ష రెండింటికీ పాస్ మార్కులే వేస్తుంది. ఆ సంగతి మాకు తెలియదా అంటే తెలుసు, బీఎస్సీ పిల్లలకి చెప్పమంటే చెప్పేవాళ్లం, కానీ ఆ రోజు మాస్ చూడటం అనేది ఒక తంతు, అయిపోయింది, ముందుకెళ్లాం.

పట్టుకున్నది పక్క ల్యాబులో ఒక కెమిస్ట్రీ సీనియర్. టీ తాగుతూ ఫ్రిజ్ మీద అంటించిన రెండు సీఓఏలూ చూసి, "మీ పెప్టైడ్ కాలమ్ మీద స్క్రాంబుల్డ్ కన్నా ఆలస్యంగా దిగుతోంది కదా, ఒకసారి మీ ట్యూబులు ఎక్కించి చూడు" అన్నాడు. హెలిక్స్‌లో ఒక పక్కంతా నూనె గుణం ఉన్న పెప్టైడ్ నూనె గుణమే ఉన్న పొడి నింపిన సీ18 కాలమ్‌ని గట్టిగా పట్టుకుంటుంది, ఆలస్యంగా వస్తుంది, చెదిరిన వరస త్వరగా జారిపోతుంది. మా ట్యూబులు ఎక్కిస్తే 'పీ' ముందొచ్చింది, 'పీఎస్' తర్వాత వచ్చింది. ఆ తర్వాత పెప్టైడ్‌ని ముక్కలు చేసి వరస చదివే ఎంఎస్‌ఎంఎస్ చేయిస్తే తేలిపోయింది, రెండూ అటూ ఇటూ అయ్యాయి. సాక్ష్యం నాలుగు నెలలుగా ఫ్రిజ్ తలుపు మీదే ఉంది. మేం శాతం తప్ప ఇంకేమీ చదవలేదు.

కోపంతో కంపెనీకి పెద్ద మెయిల్ పెట్టాను. మా దగ్గర దాచుకున్న శాంపిల్ మళ్లీ చూశాం, లేబుల్ సరిగ్గానే ఉంది అని మర్యాదగా జవాబిచ్చారు. అప్పుడు నమ్మలేదు. కంపెనీ వయల్స్ చూద్దామంటే ఖాళీ అయ్యాక నేనే పారేశాను. వాళ్లు మార్చారా, ఆ సాయంత్రం రెండు వయల్సూ పక్కపక్కన పెట్టుకుని ఫోన్ మాట్లాడుతూ ట్యూబుల్లో పంచిన నేను మార్చానా అన్నది ఈ రోజుకీ తేలలేదు. దాచిన శాంపిల్ ఎలా ఉంటుందో, ఎంత జాగ్రత్తగా పెడతారో ఇప్పుడు రోజూ చూస్తున్నదాన్ని కాబట్టి, త్రాసు మెల్లగా నా వైపే మొగ్గుతోంది.

ఆ శాతం దేన్ని కొలుస్తుంది

ప్యూరిటీ అన్న అంకె ఎలా పుడుతుందో ఒకసారి చూడండి. బ్రూస్ మెరీఫీల్డ్ 1963లో చెప్పిన పద్ధతే ఇప్పటికీ ఆధారం, దానికే 1984లో నోబెల్ ఇచ్చారు. రెసిన్ గింజకి ఒక కొస కట్టి, ఒక్కొక్క అమైనో ఆమ్లాన్నీ దండలో పూసలా ఎక్కించుకుంటూ పోవడం. ప్రతి మెట్టూ 99 శాతం సరిగ్గా జరిగిందనుకోండి, చాలా బాగా జరిగినట్టే. 19 పూసల దండకి 18 మెట్లు, చివరికి సరైన దండలు దాదాపు 83 శాతం. అల్జైమర్స్ మీద పరిశోధించేవాళ్లు వాడే 42 పూసల అమిలాయిడ్ బీటాకి అదే లెక్కలో 66 శాతం. మిగతావన్నీ ఒక పూస తప్పిపోయినవి, మధ్యలో ఆగిపోయినవి, రక్షణ తొడుగు ఊడనివి. వాటిని అలాంటి కాలమ్‌తోనే నడిచే హెచ్‌పీఎల్‌సీ అనే మిషన్లో వేరుచేస్తారు, వేరుచేశాక మళ్లీ హెచ్‌పీఎల్‌సీలోనే కొలుస్తారు. 214 లేదా 220 నానోమీటర్ల వెలుతురులో కనబడిన పీకులన్నిటి విస్తీర్ణంలో పెద్ద పీక్ వాటా ఎంతో, అదే ఆ శాతం.

అంటే ఆ వెలుతురులో కనపడనిది ఆ లెక్కలో లేదు. పౌడర్‌లో నీరు ఎంతుందో దానికి తెలియదు, ఉప్పు ఎంతుందో తెలియదు. శుద్ధి చేసేటప్పుడు వాడిన ట్రైఫ్లోరో ఎసిటిక్ ఆమ్లం, మేం టీఎఫ్‌ఏ అంటాం, అది పెప్టైడ్‌లో ధన ఆవేశం ఉన్న ప్రతి చోటా అతుక్కుని కూర్చుంటుంది. మా పెప్టైడ్ అణువు బరువు సుమారు 2100 డాల్టన్లు, ఆవేశాలు ఆరు. ఒక్కో టీఎఫ్‌ఏ 114. అలాంటివి ఆరు కలిపితే 684. అంటే పౌడర్‌లో నాలుగో వంతు ముందే పోయింది, తేమ కూడా తీసేస్తే అసలు పెప్టైడ్ 70 శాతం చిల్లర. లేబుల్ మీద 5 మిల్లీగ్రాములు అని ఉంటే చేతికొచ్చింది మూడున్నర. ప్యూరిటీ 98 అన్నదీ నిజమే, పెప్టైడ్ 70 అన్నదీ నిజమే, రెండూ ఒకే గొట్టం గురించే. బియ్యం బస్తాలో రాళ్లు లేవని చెప్పడం వేరు, తరుగు ఎంతో చెప్పడం వేరు, ఏ కొట్టు ముందు నిలబడ్డా మా అమ్మకి ఈ తేడా తెలుసు.

ఈ రెండో అంకెని నెట్ పెప్టైడ్ కంటెంట్ అంటారు. చాలా సీఓఏల్లో ఉండదు. ఎందుకుండదు అంటే అమైనో యాసిడ్ ఎనాలిసిస్ లాంటిది విడిగా చేయాలి, విడిగా డబ్బు తీసుకోవాలి, కస్టమర్ అడగలేదు. మావైపు నుంచి చెప్తున్నా, అడగనిది ఎవరూ చేయరు. మరీ డబ్బులేకపోతే, వరసలో ట్రిప్టోఫాన్ గానీ టైరోసిన్ గానీ ఉంటే 280 నానోమీటర్ల దగ్గర అబ్జార్బెన్స్ (ఎంత వెలుతురు పీల్చుకుందో) చూసి మీరే గాఢత లెక్కేసుకోవచ్చు, పది నిమిషాల పని, ఆ మిషన్ లేని కాలేజీ ఉండదు.

మరి ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు తట్టలేదంటే, బ్యాక్టీరియాని ఆపే కనీస మోతాదు చూసే మా ఎంఐసీ లాంటి పరీక్షల్లో ఇది హాయిగా దాక్కుంటుంది. అక్కడ ఒక్కో మెట్టూ రెట్టింపు, 8 తర్వాత 16, ఆ తర్వాత 32. ముప్పై శాతం తేడా వస్తే ఒక్కోసారి పక్క మెట్టుకి జరుగుతుంది, ఒక్కోసారి అదీ జరగదు. కానీ రెండు పెప్టైడ్లని పోల్చి ఇది దానికన్నా ఒకటిన్నర రెట్లు బలమైనది అని పేపర్లో రాసేటప్పుడు, ఆ ఒకటిన్నర రెట్లూ టీఎఫ్‌ఏదేమో అని ఒక్క క్షణం భయపడాలి. కణాలతో పనిచేసేవాళ్లకి ఇంకో చిక్కు కూడా ఉంది, టీఎఫ్‌ఏ ఊరుకునే సరుకు కాదు. ఎముక కణాల ఎదుగుదలని అది చాలా తక్కువ మోతాదులోనే అడ్డుకుంటుందని 1999లోనే న్యూజిలాండ్ పరిశోధకులు చూపించారు. ఎసిటేట్ లేదా క్లోరైడ్ ఉప్పుగా మార్చి ఇమ్మంటే ఇస్తారు. అడగాలి.

ఇండెంట్ రాసేటప్పుడే

అడగాలి అని ఇన్నిసార్లు అంటున్నాను కదా, అడిగే చోటు ఒకటే, ఇండెంట్, అంటే ఫలానాది కొనిపెట్టమని రాసిచ్చే కాగితం. మన ప్రభుత్వ ల్యాబుల్లో కొనుగోలు ఎలా సాగుతుందో తెలిసినవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. మూడు కొటేషన్లు, అందులో ఎల్‌వన్, అంటే అందరికన్నా తక్కువ రాసినవాడికే ఆర్డరు. పర్చేజ్ సెక్షన్ ఆయన్ని తిట్టుకుని లాభం లేదు. ఆయన ముందు ఉన్న కాగితంలో "సింథటిక్ పెప్టైడ్, 95 శాతం, 5 మి.గ్రా." అని మాత్రమే ఉంటే, ఆ మూడు మాటలకి తగ్గ సరుకు చౌకగా ఇచ్చేవాడే ఆయన దృష్టిలో గెలిచినవాడు, న్యాయంగా చూస్తే గెలిచినవాడే. ఏ ఉప్పు, చివర అమైడా ఆమ్లమా, ముందు ఎసిటైల్ ఉందా, నెట్ పెప్టైడ్ కంటెంట్ రాసివ్వాలా, హెచ్‌పీఎల్‌సీ గ్రేడియంట్ వివరాలూ మాస్ స్పెక్ట్రమ్ బొమ్మా పంపాలా, కణాల పనికైతే ఎండోటాక్సిన్ అనే బ్యాక్టీరియా విషం ఉందేమో చూడాలా, ఇవన్నీ రాస్తే ఎల్‌వన్ మారిపోతుంది. 2025 జూన్‌లో కేంద్రం శాస్త్ర సంస్థలకి నేరుగా కొనే పరిమితిని లక్ష నుంచి రెండు లక్షలకి పెంచింది, మంచిదే, కానీ ఏం కావాలో రాయడం రానివాళ్లకి రెండు లక్షలిచ్చినా ఆ మూడు మాటలే రాస్తారు.

మార్చి నెల సంగతి వేరే చెప్పాలి. ముప్పై ఒకటో తారీఖు లోపల గ్రాంట్ ఖర్చు కాకపోతే వెనక్కి పోతుందని టెన్షన్, మూడేళ్లకి సరిపడా పెప్టైడ్లు ఒకేసారి ఆర్డర్ చేసేస్తారు. మా వైపు ఆ వారం జాతరలా ఉంటుంది. సీక్వెన్స్‌ని మెయిల్లో టైప్ చేసి పంపేవాళ్లు, ఫోన్లో ఫోటో తీసి పంపేవాళ్లు, మూడక్షరాల కోడూ ఒక్కక్షరం కోడూ కలిపేసి రాసేవాళ్లు. ఒకాయన చివర 'ఎన్‌హెచ్2' అని రాశారు. అది అమైడ్ అనా, లేక ఎన్ అన్న ఆస్పరజీన్, హెచ్ అన్న హిస్టిడిన్ అనా అని మా అబ్బాయి ఒకడు నిజంగా తల పట్టుకున్నాడు, చివరికి ఫోన్ చేసి అడిగాడు. అడక్కుండా చేసేసే చోట్లు కూడా ఉంటాయి. మేలో సరుకు దిగుతుంది, దిగినవాటిలో సగం ఆ ఏడాది తెరవరు, తెరిచినప్పుడు తప్పు బయటపడినా ఫిర్యాదు చేసే గడువు దాటిపోయి ఉంటుంది. వచ్చిన వారంలోనే చూసుకోవాలని నేను పోరు పెట్టడానికి ఇదొక కారణం.

కంపెనీ వాళ్లంతా పత్తిత్తులని కూడా చెప్పను. పీహెచ్‌డీ చివర్లో ఇంకో చోట నుంచి రెండు వేర్వేరు లాట్లు తెప్పించాం, లాట్ నంబర్లు వేరు, తేదీలు వేరు, క్రోమటోగ్రాములు, అంటే హెచ్‌పీఎల్‌సీ గీసిన పీకుల బొమ్మలు, మాత్రం కవల పిల్లలు. రిటెన్షన్ టైమ్ మూడో దశాంశం దాకా ఒకటే, నాలుగో నిమిషం దగ్గర బేస్‌లైన్‌లో చిన్న బొడిపె, అదీ రెండింటిలో అక్కడే. నిలదీస్తే క్షమాపణ చెప్పి కొత్త కాగితం పంపారు. తమాషా ఏంటంటే మేం సొంతంగా చూస్తే ఆ రెండో లాట్ పెప్టైడ్ బాగానే ఉంది, 96 దాకా వచ్చింది. కాగితం దొంగది, సరుకు మంచిది. మొదటి కథలో కాగితం మంచిదై ఉండి కూడా ట్యూబుల్లో సరుకు తారుమారైంది. ఈ రెండూ అనుభవించాక నేను కాగితాన్నీ గొట్టాన్నీ కలిపి ఆలోచించడం మానేశాను.

జిమ్ నుంచి వచ్చిన ఫోన్

పోయిన సంవత్సరం మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. భుజం నొప్పికి బీపీసీ-157 అని ఒక పెప్టైడ్ ఆన్‌లైన్‌లో దొరుకుతోంది, 99 శాతం ప్యూర్ అట, సర్టిఫికెట్ కూడా ఉంది, "అక్కా నువ్వు ఇందులోనే కదా, మంచిదేనా చెప్పు" అని. ఆ వయల్ మీద ఏం రాసుందిరా అంటే, పరిశోధనకి మాత్రమే, మనుషులకి కాదు అని చదివాడు, చదివి నవ్వాడు. వద్దని చెప్పాను. 99 శాతం అన్నది సూదిలో ఎక్కించుకోవడానికి పనికొస్తుందని చెప్పే అంకె కాదనీ, సూక్ష్మజీవులు ఉన్నాయా, ఎండోటాక్సిన్ ఉందా అన్నది ఆ పీక్‌లో కనపడదనీ, డాక్టర్ దగ్గరికి వెళ్లమనీ చెప్పాను. వెళ్లాడు, ఫిజియోథెరపీ రాశారు.

కానీ వాడు మాటల్లో ఒకటి చెప్పాడు, అది నాకు చెంపదెబ్బలా తగిలింది. ఇలాంటివి కొనే గుంపుల్లో కొందరు డబ్బులు పోగేసి, ఒక వయల్‌ని సంబంధం లేని వేరే ల్యాబుకి పంపి టెస్ట్ చేయించి ఫలితం అందరికీ చూపిస్తారట. వాళ్లు చేసే మిగతా పనంతా ప్రమాదమే, ఆ టెస్ట్‌లో కూడా బోలెడు కంతలున్నాయి, టెస్టుకి పంపిన వయలూ వాడు పొడుచుకునే వయలూ ఒకటి కాదు, ఆ రిపోర్టుని కూడా అమ్మేవాడే తయారు చేసుకోవచ్చు. అయినా సరే, అమ్మినవాడి కాగితం చాలదు, వేరేవాళ్ల చేత చూపించాలి అన్న ఇంగితం జిమ్ కుర్రాళ్లకి ఉంది. లక్షల గ్రాంటు, ఇంటర్నేషనల్ జర్నల్, ఎథిక్స్ కమిటీ అన్నీ ఉన్న మా ల్యాబుకి లేకపోయింది.

ఎక్కడ ఆగాలి

ఇదంతా చదివి మా పాత గైడ్ గారు ఏమంటారో నాకు తెలుసు. "అన్నీ చెక్ చేసుకుంటూ కూర్చుంటే పనెప్పుడు చేస్తావమ్మా?" సరైన ప్రశ్నే. రియేజెంట్ ప్రతిదాన్నీ అనుమానించాలంటే ఉప్పు డబ్బా దగ్గర మొదలుపెట్టాలి. యాంటీబాడీ తయారీకి పెప్టైడ్ కావాలంటే 75, 80 శాతం ఉన్నా నడుస్తుంది. వందల పెప్టైడ్ల లైబ్రరీ వడబోతకి శుద్ధి చేయని ముడిసరుకుతోనే మొదలుపెడతారు, పనికొచ్చిన నాలుగింటినీ మళ్లీ శుభ్రంగా చేయించుకుంటారు, అది తెలివైన పద్ధతి. అందరికీ 98 కావాలనే వాదన నాది కాదు, నిజానికి 98 కోసం అనవసరంగా డబ్బు పోసి కంటెంట్ లెక్క కోసం రూపాయి పెట్టనివాళ్లే నాకు ఎక్కువ కనిపిస్తారు.

ఇంకా ఇబ్బంది పెట్టే సంగతి, ఎంత చూసినా కొన్ని దొరకవు. 2008లో ఒక పేపర్ వచ్చింది, హెచ్ఐవీ టీకా ట్రయల్‌లో టీ కణాలు (రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు) స్పందించినట్టు కనిపించిన కొన్ని ఫలితాలు కొనుక్కున్న పెప్టైడ్‌లో కలిసిన వేరే పెప్టైడ్ వల్ల వచ్చినవని. 2011లో డయాబెటిస్ ఎలుకల మీద పనిచేసే ఒక బృందం ఇంకో మెట్టు పైకెళ్లింది, వాళ్ల పెప్టైడ్‌లో కలుషితం ఎంత తక్కువంటే నేరుగా మాస్ స్పెక్‌లో కనపడనే లేదు, కానీ టీ కణాలు కనిపెట్టేశాయి. లిక్విడ్ క్రోమటోగ్రఫీతో చిక్కబరిచాక గానీ ఆ పీక్ బయటపడలేదు. మిషన్ కన్నా కణం నాలుకే చురుకు. అమిలాయిడ్ బీటా సంగతి చూస్తే, 2010లో జ్యూరిక్ వాళ్లు బ్యాక్టీరియాలో తయారు చేసినదానినీ రసాయనికంగా చేసినదానినీ పక్కపక్కన పెట్టి చూశారు. రెండూ పేరుకి ఒకటే పెప్టైడ్, కానీ బ్యాక్టీరియా చేసినది వేగంగా ముద్దకట్టింది, నరాల కణాలకి ఎక్కువ విషమైంది. ఒక అమైనో ఆమ్లం ఎడమచేతి రూపం నుంచి కుడిచేతి రూపానికి మారితే బరువు వెంట్రుక వాసి కూడా మారదు, ల్యూసిన్ బదులు ఐసోల్యూసిన్ పడ్డా మారదు. 100 మైక్రోమోలార్ పోసే ప్రయోగంలో 95 శాతం ప్యూరిటీ అంటే తెలియనిదేదో 5 మైక్రోమోలార్ దాకా పోస్తున్నట్టు. నానోమోలార్‌లో, అంటే మైక్రోమోలార్‌లో వెయ్యో వంతులో, పనిచేసే గ్రాహకాలకి అది ఒక బకెట్.

మరి అంతా చూసినా దొరకనప్పుడు చూడటం ఎందుకు? ఈ ప్రశ్న దగ్గర నేను చాలాసార్లు తిరిగాను. నేను చేరుకున్న చోటు పెద్ద గొప్పదేం కాదు. మాస్, హెచ్‌పీఎల్‌సీ, 280 దగ్గర గాఢత, ఈ మూడూ వచ్చిన వారంలో చూసుకోవడం. స్క్రాంబుల్డ్ జోడీ ఉంటే రెండింటికీ ఎంఎస్‌ఎంఎస్. రోజువారీ తప్పులు చాలావరకు దీంతో పోతాయి. ఇక పేపర్‌కి ప్రాణమైన ఆ ఒక్క ఫలితం ఉంటుంది చూడండి, దాన్ని మాత్రం వేరే కంపెనీ చేత మళ్లీ చేయించిన పెప్టైడ్‌తో ఇంకోసారి చూడాలి. ఒక చోట జరిగిన పొరపాటే ఇంకో చోట కూడా జరగడం అరుదు. డబ్బెక్కడిది అంటారు. రెండోసారి 1 మిల్లీగ్రాము చాలు. మిషన్ లేదంటారు. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ (డీఎస్టీ) వాళ్ల సైఫ్ అనే పరికరాల కేంద్రాలున్నాయి, ఐ-స్టెమ్ పోర్టల్‌లో వెతికితే దగ్గర్లో ఎవరి దగ్గర ఏ మిషన్ ఉందో కనిపిస్తుంది, శాంపిల్‌కి ఇంత అని కడితే చేస్తారు. జిల్లాల్లో ఉన్న కాలేజీ ల్యాబులకి శాంపిల్ పంపి, రిపోర్టు కోసం నెల రోజులు ఎదురుచూడటం ఎంత విసుగో తెలుసు, దానికి నా దగ్గర మందు లేదు.

ఒక చిన్న విషయం మాత్రం ఉచితం. వయల్ ఫ్రీజర్ లోంచి తీయగానే మూత తీయకండి, గది వేడికి వచ్చేదాకా ఆగండి. మన వానాకాలంలో చల్లటి పౌడర్ తేమని దూదిలా పీల్చేస్తుంది, తర్వాత మీరు తూచేది నీళ్లు. మూత తీసేముందు ఒకసారి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి. వయల్ ఖాళీగా వచ్చిందని మాకు వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటిలో పౌడర్ మూతకి అంటుకుని ఉంటుంది.

జూనియర్ నిన్న సాయంత్రం ఫోన్ చేసింది. మెసేజ్ కాదు, ఫోనే, అప్పుడే అనుమానం వచ్చింది. పేపర్‌లోంచి తనే లెక్కేసిన మాస్‌కీ సీఓఏలో ఉన్నదానికీ ఒక్క డాల్టన్ తేడా వచ్చిందట. సీఓఏలో ఒకటి ఎక్కువ. "రౌండ్ చేయడంలో తేడా అనుకున్నా అక్కా, రెండుసార్లు వేశా." ఒక్క డాల్టన్ అంటే నాకు వెంటనే వెలిగింది, చివర అమైడ్ ఉండాల్సిన చోట మామూలు ఆమ్లం ఉంటే అంతే తేడా వస్తుంది. ఆ పేపర్లో పెప్టైడ్ చివర అమైడ్ ఉంది, ఇలాంటి పెప్టైడ్లలో ఆవేశం ఒకటి తగ్గితే చంపే శక్తి కూడా తగ్గొచ్చు. కంపెనీకి ఘాటుగా ఒక మెయిల్ కొట్టమని చెప్పబోయాను.

"ముందు మనం పంపిన ఆర్డర్ తీసి చూడు" అన్నాను.

"చూశా అక్కా" అంది. "చివర అమైడ్ అని మనం రాయలేదు."